రెండు ఎలక్ట్రాన్లు, ఒక తేలని లెక్క: ఖరగ్‌పూర్ నుంచి కోలార్ దాకా

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ‘ట్రాఫిక్’ ఒక పేట పేరు. రైల్వే పరిభాషలో ట్రాఫిక్ అంటే రోడ్డు మీది వాహనాల రద్దీ కాదు. ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఏ వ్యాగన్ ఎటు వెళ్లింది, ఎంత సరుకు దిగింది అని చూసుకునే విభాగం అది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఉద్యోగాల కోసం తరలివెళ్లి స్థిరపడటంతో ఈ పట్టణం తెలుగువారికి పరాయి ఊరు కాకుండా పోయింది. పక్కనున్న నింపుర యార్డులో నిత్యం జరిగే లెక్క ఆ కుటుంబాల్లోని వారికి కొత్తది కాదు. వచ్చిన వ్యాగన్లు, వెళ్లినవి, లోపల నిలిచినవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోలేదంటే రాసినవారు పొరబడి ఉండాలి, లేదా వ్యాగన్ ఎక్కడో తప్పిపోయి ఉండాలి.

ఆ పేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఐఐటీ ఖరగ్‌పూర్ ఉంది. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో పి.కె. రైనా అనే ఆచార్యుడు, లక్నో విశ్వవిద్యాలయానికి చెందిన పి.కె. రథ్ తదితరులతో కలిసి చాలా ఏళ్లు ఇటువంటిదే ఒక లెక్క మీద పనిచేశారు. వారి యార్డు పరమాణు కేంద్రకం. వారి వ్యాగన్లు ఎలక్ట్రాన్లు, న్యూట్రినోలు. అందులో ఒక్కసారి, కచ్చితంగా రెండంకెల తేడా వస్తుందేమోనని ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నాయి. ఆ తేడా వస్తే ప్రకృతి పాటిస్తోందని మనం నమ్ముతున్న ఒక సౌష్ఠవం భగ్నమైనట్టే. ఇంతవరకు రాలేదు.

ఈ వెతుకులాటకు మూలం బీటా క్షయం. కొన్ని కేంద్రకాలలో ఒక న్యూట్రాన్ తనంతట తాను ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్‌ను బయటకు విసురుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో శాస్త్రజ్ఞులను ఇది తికమక పెట్టింది. బయటకు వచ్చే ఎలక్ట్రాన్‌కు ప్రతిసారీ ఒకే శక్తి ఉండాలి, కానీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కనిపించేది. మిగిలిన శక్తి ఏమైనట్టు? 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక ఊహ చేశాడు. కంటికి కనబడని, దాదాపు దేనితోనూ తాకిడి పెట్టుకోని మరో కణం ఆ శక్తిని తీసుకుపోతోందన్నాడు. దానినే ఇప్పుడు న్యూట్రినో అంటున్నాం. బీటా క్షయంలో వెలువడేది దాని ప్రతికణం, ప్రతిన్యూట్రినో. ప్రయోగంలో దాని ఉనికి తేలడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ బీటా కిరణాల శక్తిని కొలిచే విద్యకు తెలుగునాట ఒక చరిత్ర ఉంది. ఖరగ్‌పూర్‌లో రైలెక్కి దక్షిణంగా వస్తే అదే మార్గంలో విశాఖపట్నం వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు హిమాలయాలలో యోగసాధన చేసి స్వామి జ్ఞానానందగా ప్రసిద్ధుడయ్యారు. ఆ తరువాత ఐరోపా వెళ్లి ప్రేగ్‌లో భౌతికశాస్త్రం చదివి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేశారు. స్వదేశానికి తిరిగివచ్చి 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. కాషాయం కట్టిన మనిషి అయస్కాంతాల మధ్య ఎలక్ట్రాన్లను వంచి వాటి శక్తిని కొలవడం ఆ తరం విద్యార్థులకు మామూలు దృశ్యం. ఆయన 1969లో కన్నుమూశారు.

ఇక ఖాతా సంగతి. ఎలక్ట్రాన్ పుట్టినప్పుడు జమ పక్కన ఒకటి వేస్తారు, ప్రతిన్యూట్రినో పుట్టినప్పుడు ఖర్చు పక్కన ఒకటి వేస్తారు. మొత్తం సున్నా. శాస్త్రం దీనిని లెప్టాన్ సంఖ్య నిత్యత్వ నియమం అంటుంది. విద్యుదావేశానికీ ఇలాంటి నియమమే ఉంది. అయితే రెండింటికీ పెద్ద భేదం ఉంది. ఆవేశం నిత్యమై ఉండటం వెనుక లోతైన సిద్ధాంత కారణం కనిపిస్తుంది. లెప్టాన్ సంఖ్యకు అటువంటి కారణమేదీ ఇంతవరకు దొరకలేదు. ఇప్పటిదాకా ఎవరూ ఉల్లంఘన చూడలేదు కనుక నియమం నిలిచి ఉంది, అంతే.

చూడనంత మాత్రాన లేదనుకోవడం ప్రమాదమని ఈ శాస్త్రానికి అనుభవమే నేర్పింది. కుడి ఎడమల మధ్య ప్రకృతి భేదం చూపదని 1956 దాకా అందరూ అనుకున్నారు. ఆ సంవత్సరాంతంలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన చియెన్-షియుంగ్ వు కోబాల్ట్-60 బీటా క్షయాన్ని అతిశీతలంలో పరీక్షించి, ఎలక్ట్రాన్లు ఒకవైపుకే మొగ్గు చూపుతున్నాయని నిరూపించారు. కుడి ఎడమలను, పదార్థ ప్రతిపదార్థాలను ఒకేసారి తారుమారు చేస్తే సౌష్ఠవం నిలుస్తుందని పండితులు సర్దుకున్నారు. 1964లో కేయాన్ కణాలు ఆ సర్దుబాటునూ భగ్నం చేశాయి. లెప్టాన్ సంఖ్య వంతు ఇంకా రాలేదు.

పరీక్షకు అనువైన చోటు జంట బీటా క్షయం. కొన్ని కేంద్రకాలకు ఒక్క బీటా క్షయం సాధ్యం కాదు. జెర్మేనియం-76 ఒక మెట్టు దిగితే ఆర్సెనిక్-76 కావాలి, కానీ దాని బరువు ఎక్కువ. మెట్టు కిందికి కాక పైకి ఉన్నట్టన్న మాట. రెండు మెట్లు ఒకేసారి దాటితే మాత్రం తేలికైన సెలీనియం-76 ఉంది. కనుక రెండు న్యూట్రాన్లు ఒక్కసారిగా ప్రోటాన్లుగా మారి, రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రతిన్యూట్రినోలు వెలువడాలి. ఇది జరగవచ్చునని 1935లో మరియా గోపెర్ట్-మేయర్ లెక్కగట్టారు. కాలిఫోర్నియాలో మైకేల్ మో బృందం సెలీనియం-82లో దానిని ప్రత్యక్షంగా చూసేసరికి 1987 వచ్చింది. యాభై రెండేళ్ల నిరీక్షణ. ఇందులో ఖాతా ఏమీ చెడదు: జమ రెండు, ఖర్చు రెండు.

చెడే దారిని ఇటలీ యువకుడు ఎట్టోరె మయొరానా 1937లో చూపాడు. న్యూట్రినోకు విద్యుదావేశం లేదు కదా, అయితే న్యూట్రినో, ప్రతిన్యూట్రినో వేర్వేరు కణాలని ఎందుకనుకోవాలి, రెండూ ఒకటే కావచ్చు కదా అన్నాడు. మరుసటి ఏడాదే అతడు అదృశ్యమయ్యాడు. 1939లో వెండెల్ ఫర్రీ ఆ ఊహను జంట బీటా క్షయానికి అన్వయించాడు. రెండూ ఒకటే అయితే ఒక న్యూట్రాన్ విడిచిన దానిని పక్క న్యూట్రాన్ కేంద్రకంలోనే మింగేయవచ్చు. అప్పుడు బయటకు రెండు ఎలక్ట్రాన్లే వస్తాయి. జమ రెండు, ఖర్చు సున్నా. ప్రతిపదార్థం జోడు లేకుండా రెండు పదార్థ కణాలు కొత్తగా పుట్టినట్టు.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, విశ్వారంభంలో పదార్థం, ప్రతిపదార్థం సమానంగా పుట్టి ఉంటే అవి ఒకదానినొకటి హరించుకుని వెలుగు మాత్రమే మిగలాలి. నక్షత్రాలు, నేల, మనం మిగిలామంటే ఎక్కడో ఒక మొగ్గు ఉండి ఉండాలి. ప్రతి వంద కోట్ల జంటలకు సుమారు ఒక్క పదార్థ కణం ఎక్కువ ఉన్నా సరిపోతుంది. ఆ అదనపు కణం ఎక్కడిది అన్న ప్రశ్నకు మయొరానా న్యూట్రినోలు జవాబు కావచ్చునని 1986లో జపాన్ శాస్త్రజ్ఞులు ఫుకుగితా, యనగిదా ప్రతిపాదించారు. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని 1998లో తేలాక ఈ మాటకు బలం పెరిగింది.

ఇప్పుడు నిరీక్షణ ఎంతటిదో చూద్దాం. న్యూట్రినోలు లేని జంట బీటా క్షయానికి అర్ధాయుష్షు, అంటే ఉన్న పరమాణువులలో సగం క్షయం కావడానికి పట్టే కాలం, 1 పక్కన 26 సున్నాలు వేసినన్ని సంవత్సరాలనుకుందాం. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అది ఈ అంకె ముందు లెక్కలోకి రాదు. ఒక పరమాణువు దగ్గర అంతకాలం కూర్చోలేం కనుక ఎన్నో పరమాణువుల దగ్గర కొద్దికాలం కూర్చోవాలి. తగరం-124 ఒక కిలో తీసుకుంటే అందులో దాదాపు 5 పక్కన 24 సున్నాలన్ని పరమాణువులుంటాయి. అయినా ఏడాదికి వచ్చే క్షయాలు 0.03 మాత్రమే. వంద కిలోలు పెడితే ఏడాదికి మూడో, నాలుగో. మరోవైపు పెద్ద మనిషి శరీరంలోని పొటాషియం వల్లనే సెకనుకు నాలుగు వేలకు పైగా క్షయాలు జరుగుతుంటాయి. ఆకాశం నుంచి వచ్చే మ్యుయాన్ కణాలు అరచేతి గుండా సెకనుకొకటి చొప్పున దూసుకుపోతాయి. జాతరలో చీమ నడిచిన చప్పుడు వినాలి.

అందుకే ఈ ప్రయోగాలన్నీ కొండల కింద, గనుల అడుగున ఉంటాయి. కవచంగా వాడే సీసంలోనూ స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలలో క్యుయోరె ప్రయోగానికి రెండు వేల ఏళ్ల కిందట సార్డీనియా దగ్గర మునిగిన రోమన్ ఓడలోని సీసాన్ని తెచ్చి వాడారు. ఇరవై రెండేళ్ల అర్ధాయుష్షు గల సీసం-210 ఆ దిమ్మెలలో ఏనాడో అంతరించింది. చరిత్రకారులకు ఆ దిమ్మెలను కరిగించడం రుచించలేదు. వారి బాధ నాకు అర్థమవుతుంది.

క్షయం జరిగిందని గుర్తుపట్టే పద్ధతి సులభంగానే ఉంటుంది. న్యూట్రినోలు బయటపడితే అవి ప్రతిసారీ కొంత శక్తిని తీసుకుపోతాయి కనుక రెండు ఎలక్ట్రాన్ల మొత్తం శక్తి మారుతుంటుంది. న్యూట్రినోలు లేకపోతే శక్తి అంతా ఎలక్ట్రాన్లదే, మొత్తం ఎప్పుడూ ఒకటే. గ్రాఫు చివర, అనుకున్న చోట, చిన్న శిఖరం లేవాలి.

ఆ శిఖరం ఒకసారి కనిపించిందన్నారు కూడా. గ్రాన్ సాసోలోనే సుమారు 11 కిలోల శుద్ధి చేసిన జెర్మేనియంతో హైడెల్‌బర్గ్-మాస్కో ప్రయోగం జరిగింది. 2001 చివరిలో ఆ బృందంలోని కొందరు, హాన్స్ క్లాప్డోర్-క్లైన్‌గ్రోథౌస్ నాయకత్వంలో, తమకు శిఖరం దొరికిందని ప్రకటించారు. నిజమైతే నోబెల్ స్థాయి ఆవిష్కరణ. కానీ అదే బృందంలోని మిగిలినవారు సంతకం పెట్టలేదు. అదే దత్తాంశం, అదే జెర్మేనియం. ఒకరికి శిఖరం, మరొకరికి గరుకు నేల. వాదం పన్నెండేళ్లు నడిచింది. 2013లో గెర్డా ప్రయోగం జెర్మేనియాన్నే ద్రవ ఆర్గాన్‌లో ముంచి మరింత నిశ్శబ్దంలో చూసింది. చెప్పిన చోట శిఖరం లేదు. 2020కి గెర్డా తన పరిమితిని 1.8 పక్కన 26 దశాంశ స్థానాలకు, అంటే 18 పక్కన 25 సున్నాల సంవత్సరాలకు చేర్చింది. జపాన్‌లోని కామియోకాలో జెనాన్-136తో సాగిన కామ్‌ల్యాండ్-జెన్ ప్రయోగం 2024లో దానిని 38 పక్కన 25 సున్నాలకు పెంచింది. అంటే, క్షయం అనేది ఉంటే ఇంతకంటే అరుదైనదే.

వార్తాగదిలో ఇటువంటి ప్రకటన వచ్చినప్పుడు మాకు చిక్కే. ‘ఏమీ కనబడలేదు’ అన్నదానికి శీర్షిక పెట్టడం ఎలా? సాహిత్యం చదువుకుని ఈ వృత్తిలోకి వచ్చిన నాకు అసలు సంగతి బోధపడటానికి చాలాకాలం పట్టింది. కనబడకపోవడానికి కూడా విలువ కట్టాలి. ఆ విలువ కట్టే తక్కెడను తయారుచేసేది సిద్ధాంతకారులు. ఖరగ్‌పూర్ లెక్క ఇక్కడే ప్రవేశిస్తుంది.

క్షయం ఎంత తరచుగా జరుగుతుందన్నది ముఖ్యంగా రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి న్యూట్రినో ద్రవ్యరాశి, అది తెలుసుకోవాలన్నదే ప్రయత్నం. రెండోది, తల్లి కేంద్రకం పిల్ల కేంద్రకంగా మారడానికి లోపలి నిర్మాణం ఎంతవరకు అనుమతిస్తుందన్నది. దీనిని కేంద్రక పరివర్తన మాత్రిక అంటారు. దీనిని కొలవడానికి పరికరం లేదు, లెక్కించవలసిందే. వంద, నూట యాభై కణాలు ఒకదానినొకటి లాగుతూ, నెడుతూ ఉండే గుంపును కచ్చితంగా లెక్కించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. ఎవరి ఉజ్జాయింపు వారిది.

రైనా, రథ్‌లతో పాటు ఆర్. చంద్ర, కె. చతుర్వేది, మెక్సికోకు చెందిన హోర్హే హిర్ష్ కలిసి 2008లో ప్రచురించిన పత్రం కేంద్రకాల ఆకారం మీద దృష్టి పెట్టింది. కేంద్రకం అంటే గుండ్రటి గోళీ అని బడిలో బొమ్మ గీస్తాం. నిజానికి కొన్ని కోడిగుడ్డులా సాగి ఉంటాయి, కొన్ని గుమ్మడికాయలా అణిగి ఉంటాయి. జిర్కోనియం, మాలిబ్డినం, టెల్లూరియం, నియోడిమియం వంటి కేంద్రకాలను హార్ట్రీ-ఫాక్-బొగొలియుబొవ్ అనే పద్ధతిలో లెక్కిస్తే, ఆకారం గోళానికి దూరమయ్యే కొద్దీ పరివర్తన మాత్రిక తగ్గుతున్నట్టు తేలింది. 2010లో అదే బృందం మరో అడుగు వేసి, తమ అంకెలలో ఎంత అనిశ్చితి ఉందో కూడా లెక్కగట్టింది. తమ జవాబుతో పాటు తమ సందేహాన్ని కూడా కొలిచి చెప్పడం నాకు నచ్చిన సంగతి. ఇదే రైలుమార్గంలో ఖరగ్‌పూర్, విశాఖల నడుమ వచ్చే బరంపురంలోనూ ఈ పని జరిగింది. అక్కడి ఆర్. సాహు, అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాలకు చెందిన వి.కె.బి. కోటతో కలిసి మరో నమూనాలో ఇవే మాత్రికలను లెక్కించారు.

కాగితం మీది అంకెకు ఇంత శ్రమ అవసరమా అంటే, కామ్‌ల్యాండ్-జెన్ ఫలితమే జవాబు. వారు పెట్టిన పరిమితి ఒక్కటే. దాని నుంచి న్యూట్రినో ద్రవ్యరాశికి వచ్చే గరిష్ఠ పరిమితి మాత్రం ఎవరి మాత్రిక వాడితే వారిది. 28 నుంచి 122 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. నాలుగు రెట్లకు పైగా తేడా. పైగా క్షయ వేగం మాత్రిక వర్గాన్ని అనుసరిస్తుంది. మాత్రిక మనం అనుకున్నదానిలో సగమే అయితే అదే కాలంలో అన్ని క్షయాలు చూడటానికి నాలుగింతల లోహం కావాలి. ఖరగ్‌పూర్, బరంపురంలాంటి చోట్ల బల్ల మీద తేలే అంకె, మరో దేశంలో ఎన్ని టన్నుల జెనాన్ కొనాలో, ఎంత పెద్ద గుహ తవ్వాలో నిర్ణయిస్తుంది.

మన దేశం ఎంచుకున్న లోహం తగరం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు కరిగించి పూసేది ఇదే. సహజ తగరంలో తగరం-124 వాటా సుమారు 5.8 శాతం. అది జంట బీటా క్షయం చెందితే టెల్లూరియం-124 అవుతుంది. శిఖరం 2.29 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేవాలి. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో వందనా నానల్ తదితరులు ‘టిన్.టిన్’ పేరుతో ఈ ప్రయోగానికి రంగం సిద్ధం చేశారు. తగరాన్ని 10 మిల్లీకెల్విన్ పరిసరాలకు, అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో నూరో వంతు దూరానికి చల్లబరుస్తారు. 3.7 కెల్విన్ దిగువన తగరం అతివాహకమవుతుంది. అంతటి చలిలో దానిని వేడెక్కించడానికి అతి స్వల్ప శక్తి చాలు. రెండు ఎలక్ట్రాన్లు లోపల ఆగితే కలిగే వెచ్చదనాన్ని ఉష్ణమాపకంతో పట్టుకోవాలన్నది ఉపాయం. శీతలయంత్రం వచ్చింది, చిన్న తగరపు స్ఫటికాలపై పరీక్షలు జరిగాయి, చుట్టుపక్కల పదార్థాలలోని రేడియోధార్మికతను కొలిచే ఏర్పాటూ నేలమీదే ఉంది.

లేనిది లోతు. టిన్.టిన్‌ను తమిళనాడులోని తేని జిల్లా బోడి కొండల కింద, భారత న్యూట్రినో పరిశోధన కేంద్రంలో ఉంచాలనుకున్నారు. సుమారు 1,500 కోట్ల రూపాయల ఆ పథకానికి కేంద్ర మంత్రివర్గ ఆమోదం 2015 జనవరిలో వెల్లడైంది. పశ్చిమ కనుమలలో సొరంగం తవ్వడంపై స్థానికుల భయాలు, పర్యావరణ అనుమతుల వ్యాజ్యాలు దానిని నిలిపాయి. 2022లో తమిళనాడు ప్రభుత్వం తన వ్యతిరేకతను సుప్రీంకోర్టుకు తెలియజేసింది. కొండ కింద నివసించేవారి ఆందోళనను అజ్ఞానమని కొట్టిపారేయడం సరికాదు. వారికి అర్థమయ్యే భాషలో మొదటే చెప్పవలసినవారు ఆలస్యం చేశారన్నది నా అభిప్రాయం.

ఖరగ్‌పూర్‌కు దగ్గరలో ఒక లోతు ఉంది. టాటానగర్ మార్గంలో పడమరకు వెళితే జార్ఖండ్‌లోని జాదూగుడా యురేనియం గని వస్తుంది. సాహా కేంద్రక భౌతికశాస్త్ర సంస్థ 2017లో అక్కడ 555 మీటర్ల దిగువన భూగర్భ ప్రయోగశాలను ప్రారంభించింది. అక్కడ మొదలైనది కృష్ణ పదార్థం కోసం వెతుకులాట.

అంతకు నాలుగు రెట్ల లోతు ఒకప్పుడు మన చేతిలోనే ఉండేది. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని, తమిళ, తెలుగు కార్మికులు తవ్విన కోలార్ బంగారు గనులలో, భూమికి 2.3 కిలోమీటర్ల అడుగున, 1965లో టాటా సంస్థ, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. ప్రపంచంలో అటువంటి తొలి ఫలితాలలో అది ఒకటి. 1980ల నుంచి అక్కడే 140 టన్నుల ఇనుప పరికరంతో ప్రోటాన్ క్షయిస్తుందా అని, అంటే మరో నిత్యత్వ నియమం భగ్నమవుతుందా అని వెతికారు. బంగారం గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీరు తోడే పంపులు ఆగాయి. ఆ సొరంగాలు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి.